కింద పెట్టలేని గ్లాసు

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పేసుకుంటాను, ఆ తర్వాత మిగతాది చెప్పడం తేలిక. నేను కొరియా చూడలేదు. అదేం నేరం కాదు. ఖమ్మంలో చాలామంది చూడలేదు, హాయిగానే ఉన్నారు. కానీ చూడని దేశాన్ని కొండలూ కోటలూ కొంగలతో సహా ఒక్క గ్లాసులో పట్టిద్దామనుకున్నవాణ్ని మాత్రం ఊరు మొత్తంలో నేనొక్కణ్నే.

నాది గాజు పని. పెళ్లిచూపులప్పుడు ఈ ముక్క చెప్పగానే మా అత్తగారి తరఫు ఆడవాళ్లు "అయితే ఎన్ని డజన్లు తెచ్చిండు?" అని చేతులు చాచారు. గాజులు కాదు, గాజు. కాలేజీ ల్యాబులకు టెస్ట్ ట్యూబులు, ఫ్లాస్కులు చేసే పని. గ్యాస్ మంట ముందు కూర్చుని, గాజు గొట్టాన్ని తిప్పుతూ రెండో చివర నుంచి ఊదుతూ ఉండాలి. ముప్పై ఏళ్లు ఊదాను. ఇంత ఊదినా ఊదరగొట్టడం మాత్రం చేతకాలేదని మా ఆవిడ సుగుణ బాధ. ఇప్పుడు కాలేజీలు ప్లాస్టిక్ కొంటున్నాయి, ప్రయోగాలు తెర మీద చూపిస్తున్నాయి. తెర మీద ఫ్లాస్కు పగలదు. ఫ్లాస్కు పగలకపోతే నాకు బేరం లేదు.

నా షాపు ఖాళీగా ఉంటోందని నాకంటే ముందు కనిపెట్టినవాడు సుగుణ తమ్ముడు సత్యం. అక్కడ కర్రీ పాయింట్ పెడతానని ఆరు నెలలుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు.

అలాంటి సమయంలో హైదరాబాదు నుంచి ఫోను. అక్కడ కొరియా భోజనం పెట్టే చిన్న హోటలు ఒకటి నడుపుతున్న మిన్ అనే కొరియావిడకు చేత్తో చేసిన గ్లాసులు కావాలట. వాళ్లు బియ్యం పులియబెట్టి తెల్లటి పానీయం ఒకటి చేస్తారు, మన కల్లుకు దూరపు చుట్టం. అది పోసే గ్లాసులో వాళ్ల కొండలు, వాళ్ల పద్ధతి కనిపించాలని కోరిక. ఆవిడ మేనేజరు ఖమ్మంలో ఇంటర్ చదివినవాడు, నా ఫ్లాస్కులు పదిదాకా పగలగొట్టినవాడు. ఆ పాపభారం దించుకోవడానికి నా పేరు చెప్పాడు.

సుగుణ చూసే కొరియా సీరియళ్లు పక్కన కూర్చుని చూశాను. నోటుపుస్తకం పెట్టుకుని మరీ చూశాను. గ్లాసు చుట్టూ కొండ, కొండ మీద పైన్ చెట్టు, చెట్టు పక్కన రాజభవనం, భవనం మీద చంద్రుడు, ఇవి చాలవన్నట్టు అంచు మీదకు మెడ చాచిన గాజు కొంగ. మూడు రోజుల కష్టం. సత్యం దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు.

"ఏంది బావా ఇది? గ్లాసా, శుభలేఖనా? ముహూర్తం ఒక్కటే తక్కువైంది."

హైదరాబాదు తీసుకెళ్లి చూపిస్తే మిన్ గారు అలా అనలేదు. రెండు చేతులతో అందుకుని, చుట్టూ తిప్పి చూసి, తనకొచ్చిన కొద్దిపాటి తెలుగులో "చాలా బాగుంది" అంది. నేను ఉబ్బిపోతుండగా ఇంకోసారి తిప్పి చూసి, "చాలా... ఉంది" అంది. మిగతాది మేనేజరు తెలుగు చేశాడు.

"వాళ్ల దేశంల కూడ ఒక్క దగ్గర ఇంత కొరియా ఉండదంటున్నది సార్."

తర్వాత ఫోనులో తన ఊరి ఫొటో చూపించింది. పొట్టి కొండలు, గుండ్రటి కొండలు, ఒకదాని వీపు వెనక ఒకటి, వెనక్కి వెళ్లేకొద్దీ నీలంగా పలచబడుతూ. మా దగ్గర ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోరు, పక్కవాళ్లు నింపాలి అంది. తాగేటప్పుడు ఎవరూ గ్లాసును చూడరు, నింపిన మనిషిని చూస్తారు అంది. పది రోజుల్లో ఇంకొక్క నమూనా తీసుకురమ్మంది. అది కూడా కుదరకపోతే ఫ్యాక్టరీ గ్లాసులే తెప్పించుకుంటుందట.

ఇంట్లో ఒప్పందం అంతకంటే సూటిగా జరిగింది. ఈసారి కుదిరితే షాపు నాది, కుదరకపోతే వచ్చే ఒకటో తారీఖు నుంచి సత్యానిది. సుగుణ మధ్యవర్తి. తమ్ముడు ఒకపక్క, మొగుడు ఒకపక్క అయితే మధ్యవర్తి ఎటు చూస్తుందో అనుభవమున్నవారికి చెప్పక్కర్లేదు.

ఆ ఫొటోలాంటి కొండలు గోదావరి ఒడ్డున ఎప్పుడో చూసిన గుర్తు. చూసి గీసుకొచ్చి గాజు మీద దింపితే చాలనుకున్నాను. అంటే తెలివితక్కువతనం అప్పటికింకా పూర్తి కాలేదన్నమాట. సుగుణ పాత నూలుచీరలో ఆ కొంగ గ్లాసును చుట్టుకుని భద్రాచలం బస్సెక్కాను.

బస్సులో ఒకే ఒక్క గిరాకీ

బస్సు నిండా ఆడవాళ్లే. వాళ్లకు ఉచితం. కండక్టరమ్మ వెనక నుంచి ముందుదాకా వచ్చి నా దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుంది.

"ఏడికన్నా?"

"భద్రాచలం."

"పైసలు తియ్యి. ఇయ్యాల ఈ బస్సుకు నువ్వొక్కడివే గిరాకీ."

బస్సు మొత్తం నా వైపు తిరిగి చూసింది. డీజిలు ఖర్చంతా నేనే భరిస్తున్నంత హుందాగా టికెట్టు తీసుకున్నాను. పక్క సీట్లో ఉన్నావిడ నా ఒళ్లోకి తొంగి చూసి గొంతు తగ్గించింది.

"పసిపిల్లనా? తల్లి ఏడపోయింది?"

"పిల్ల కాదమ్మా. గ్లాసు."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"మా ఇంట్ల ఇరవై ఉన్నయి. ఒక్కదాన్ని కూడ గిట్ల ఎత్తుకోలేదు." జాలిపడి తన సంచిలోంచి ఉడకబెట్టిన పల్లికాయలు దోసెడు తీసి నా జేబులో పోసింది. ఇద్దరం కొత్తగూడెం దాకా ఒలుచుకుంటూనే ఉన్నాం. తన ఇద్దరు కోడళ్లలో ఎవరు మంచివాళ్లో నన్ను తేల్చమంది. పెద్దకోడలు అన్నాను. దిగేటప్పుడు ముఖం ముడుచుకుని దిగింది.

పాల్వంచ దాటుతుండగా సత్యం ఫోను.

"బావా, షాపుల సీలింగు ఫ్యాను నీదా, ఓనర్‌దా?"

"నేనింకా భద్రాచలం చేరలేదురా."

"చేరినంక చెప్పు. తొందరేం లేదు."

కరకట్ట మీద కొరియా

భద్రాచలంలో ముందు చేయాల్సింది దర్శనమని తెలుసు. చేశాను. కానీ రాములవారి ముందు కూడా చేతులు జోడించి ఒకటో తారీఖు గురించే ఆలోచించాను, ఆయన గమనించే ఉంటాడు. తర్వాత కరకట్ట ఎక్కి కూర్చున్నాను. మార్చి నెల, గోదావరి ఇసుకలోకి జరిగి సన్నగా పడుకుంది. దూరంగా ఎండపొగలో కొండలు. నీలం, పలచటి నీలం, ఉందో లేదో తెలియని నీలం. ఆ ఫొటో తీసినవాళ్లు ఇక్కడికే వచ్చి తీశారా అనిపించింది. కాగితం తీసి గీయడం మొదలుపెట్టాను.

కట్ట మీద టీ బండి నడిపే భద్రమ్మ భుజం మీద నుంచి చూసింది.

"గోదారేంది గింత సన్నగ గీసినవ్?"

"ఇప్పుడు సన్నగనే ఉంది కదమ్మా."

"జులైల రా. నువ్వు కూసున్న కాడికి వస్తది. నువ్వు గీసుడు కాదు, అదే గీస్తది నిన్ను."

తన తలకు జానెడు పైన గాలిలో చెయ్యి పెట్టి, ఒక ఏడు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చూపించింది. అదేదో బంధువుల ఎత్తు చెప్పినట్టు చెప్పింది. టీ పది రూపాయలు. పేపరు కప్పు వద్దని చీర విప్పి నా గ్లాసు బయటికి తీశాను. ఖరీదైన సలహా ఉచితంగా దొరుకుతుందేమోనని ఆశ.

భద్రమ్మ గ్లాసును తిప్పి తిప్పి చూసింది. "ఇదేంది, ఈత చెట్టా?"

"పైన్ చెట్టు."

"ఇది రాములోరి గుడి. గోపురం సరిగ రాలేదు."

"అది కొరియా రాజభవనం."

"ఇది మాత్రం మంచిగుంది. కొంగ. గోదారిల మస్తుంటయి గీ కొంగలు."

ఇంతా చేసి మూడు రోజులు కష్టపడి నేను చేసింది భద్రాచలమన్నమాట, అదీ గోపురం సరిగ్గా రాని భద్రాచలం. టీ పోసి ఇచ్చింది. మొదటి గుక్కలోనే కొంగ ముక్కు వచ్చి నా ముక్కులో దూరింది. రెండు ముక్కులూ కాసేపు ముఖాముఖి మాట్లాడుకున్నాయి. భద్రమ్మ నవ్వు ఆపుకోలేక బండిని పట్టుకుంది. నవ్వినందుకు జరిమానాగా ఒక ఇప్పపువ్వు లడ్డూ నా చేతిలో పెట్టింది. బెల్లం వాసన ముందు, అడవి వాసన తర్వాత, ఆ తర్వాత ఇంకొకటి కావాలనే వాసన. రెండోదానికి డబ్బులిచ్చాను.

"బియ్యం కల్లు సంగతి నాకు తెల్వదు," అంది నా గోడంతా విని. "మనుషులు కలిసి తాగుడు చూడాల్నంటే మా అమ్మ ఊరికి పో. ములకలపల్లి దాటినంక గూడెం. మా తమ్ముడు ముత్తయ్య జీలుగు చెట్లు గీసి కల్లు తీస్తడు. నా పేరు చెప్పు. కొంగను మాత్రం ఈడనే ఇడిసిపెట్టు."

విడిచిపెట్టి ఉంటే బాగుండేది.

ములకలపల్లి దాటాక

రెండోరోజు ఆటోలో నేను, ఏడుగురు మనుషులు, ఒక మేక. మేకకు సీటు, నాకు అంచు. ములకలపల్లి దాటాక రోడ్డు పక్కన ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు రాలిన పూలు గంపల్లోకి ఏరుతున్నారు. గూడెంలో పదిహేను ఇళ్లుంటాయి. ప్రతి ఇంటికీ వెదురు దడి, ఊడ్చి అలికిన వాకిలి. మా వీధిలో మనుషులు ఊడ్చిన చెత్త పక్కింటి ముందు పెడతారు. ఇక్కడ రెండిళ్ల మధ్య జాగా ఎవరు ఊడుస్తారని అడిగితే, పొద్దున ముందు లేచినవాళ్లు అన్నారు. ఇంత చిన్న సంగతి మాకు ఇన్నేళ్లుగా తట్టలేదు.

భద్రమ్మ తల్లి సోమమ్మ డెబ్బై ఏళ్ల మనిషి. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కూతురి పేరు చెప్పగానే మంచం వాల్చింది. జొన్న గటక, పప్పుచారు, కాల్చిన ఎండుచేప పెట్టింది. తింటున్నంతసేపూ చుట్టూ చేరినవాళ్లు తమ భాషలో మాట్లాడుకుని నవ్వుకున్నారు. నాకా భాష రాదు. నా గురించేనని మాత్రం స్పష్టంగా తెలిసింది.

"ఏమంటున్నరవ్వా?"

"ఏం లేదు బిడ్డా. గ్లాసుల పనాయన దగ్గర ఒక్కటే గ్లాసుంది, వ్యాపారం మంచిగ నడుస్తలేనట్టుంది అంటున్నరు."

నాలుగిళ్ల మనుషులు నాలుగు నిమిషాల్లో నా లెక్క తేల్చేశారు.

మా పెద్దల దూప

ఎండ దిగుతుండగా ముత్తయ్య చెట్టు దిగాడు. కొమ్మలు కొట్టేసి కణుపులు మాత్రం ఉంచిన వెదురుబొంగే నిచ్చెన. నలభై ఐదేళ్ల మనిషి, మెట్లున్న మేడ దిగినంత తీరిగ్గా దిగాడు. సొరకాయ బుర్ర నిండా నురుగు. పదిమంది దాకా చెట్టు కింద గుండ్రంగా కూర్చున్నారు.

నేను చీర విప్పి కొంగ గ్లాసు తీసి నా ముందు నేల మీద పెట్టాను. ఖమ్మంలో పోయించుకోవడమంటే అంతే కదా: గ్లాసు పెట్టాలి, పక్కకు చూడాలి, ఫోను తీయాలి. ఎవరికి వాళ్లం పోసుకుంటే ఇంకా మంచిది, పక్కవాడి గ్లాసులో వేలెడు ఎక్కువ పడిందేమో చూసుకోవచ్చు. ముత్తయ్య ఒక క్షణం ఆగి నా ముఖంలోకి చూశాడు, ఆ తర్వాత గ్లాసులో నిండుగా పోశాడు.

నేల వాలుగా ఉందని నేను చూసుకోలేదు. గ్లాసు నెమ్మదిగా, నన్ను అడిగి పడుతున్నంత నెమ్మదిగా పక్కకు ఒరిగింది. కల్లంతా మట్టిలోకి ఇంకిపోయింది. కొంగ మెడ టిక్కుమని విరిగింది.

తాగేముందు పెద్దల పేరు చెప్పి రెండు చుక్కలు నేల మీద వదలడం వాళ్ల పద్ధతి అని నాకు తర్వాత తెలిసింది. నేను మొత్తం గ్లాసు వదిలాను. సోమమ్మ తడిసిన మట్టిని చూసింది, నన్ను చూసింది.

"మేం రెండు చుక్కలే పోస్తం బిడ్డా. మీ పెద్దలకు బాగ దూప ఉన్నట్టుంది."

మా పెద్దల దాహం మీద చెట్టు కింద నవ్వు మొదలై చెట్టు కొసదాకా పోయింది. ముత్తయ్య బుర్ర పక్కన పెట్టి కడుపు పట్టుకున్నాడు. నేను కొంగ మెడ ఏరుకుంటుంటే సోమమ్మ ఓదార్చింది. "పోనియ్. దాని మెడ పోతే పోయింది, నీ ముక్కు బతికింది." టీ బండి సంగతి భద్రమ్మ పొద్దున్నే ఫోనులో చెప్పేసిందట.

ఎవరో తాటాకు రెబ్బ మడిచి దొప్ప చేసి నా చేతికిచ్చారు. రెండు కొసలు రెండు చేతులతో పట్టుకోవాలి. ఒక్క చెయ్యి వదిలితే దొప్ప విప్పుకుని మళ్లీ ఆకైపోతుంది. ముత్తయ్య ఎదురుగా గొంతుక్కూర్చుని బుర్ర వంచాడు. తియ్యగా, చల్లగా, లేతకొబ్బరికి కాస్త పొగరు పట్టినట్టు ఉంది. సగం తాగాక అలవాటు కొద్దీ కింద పెడదామని చూశాను.

"ఎట్ల పెట్టాలె దీన్ని?"

"ఎందుకు పెడ్తవ్?" అన్నాడు ముత్తయ్య.

"నడుమ మాట్లాడాల్నంటే?"

"మాట్లాడేది నోటితోని కద అన్నా. చేతులతోనా?"

"దొప్ప కింద పెట్టినవంటే చాలన్నట్టు," అంది సోమమ్మ. "లేచి పోతున్నవన్నట్టు. పోతవా?"

పోనన్నాను. జేబులో ఫోను మోగింది. సత్యమే, నీళ్ల కనెక్షను గురించి అయ్యుంటుంది. చేతులు ఖాళీ లేవు. మోగి మోగి ఊరుకుంది. అంతసేపూ నేను ఎదుట ఉన్న ముత్తయ్యనే చూస్తున్నానని, అతను నన్నే చూస్తున్నాడని అప్పుడు గమనించాను. వేరే దారి లేదు, పోసే చెయ్యి ఎంత వంగుతుందో చూసుకుంటూ దొప్ప పట్టాలి. పదిమంది చేతులూ బందీలే. పదిమందీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మిన్ గారు చెప్పినప్పుడు బుద్ధిగా తలూపానే గానీ, ఆ మాట నా బుర్రకు చేరడానికి ఇంకో బుర్ర వంగాల్సి వచ్చింది.

సంతోషమైతే వేసింది గానీ లోపల బెంగ కూడా పెరిగింది. ఆకుకు గాజు పని ఏముంది? మిన్ గారికి తాటాకులు కట్టగట్టి పంపలేను కదా.

దడి మీద కొండలు

మూడోరోజు పొద్దున్నే లేచేసరికి ఆడవాళ్లు ఇప్పపూలకు వెళ్లిపోయారు. నేను ముందు లేవలేదు కాబట్టి వాకిలి ఊడ్చే అవకాశం తప్పింది. వేపపుల్ల నములుతూ దడి వైపు చూశాను.

దడి కర్రల మీద సోమమ్మ కడిగిన కుండలు బోర్లించి ఉన్నాయి. అటూ ఇటూ రెండు సొరబుర్రలు. అన్నీ గుండ్రటి అడుగులు పైకి పెట్టుకుని, పెద్దవీ చిన్నవీ, ముందుకొకటి వెనక్కొకటి. వాటి వెనక మంచులో అవే గుండ్రటి వీపులతో కొండలు. దడి ఎక్కడ ఆగిందో, అడవి ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

పుల్ల నోట్లోంచి జారిపోయింది.

"ఏం చూస్తున్నవ్ బిడ్డా?"

"కొండలవ్వా!"

"కొండలు ఎనక ఉన్నయి. అవి నా కుండలు."

"అవే! అవే చూస్తున్న!"

ముప్పై ఏళ్లుగా నేను చేసింది గుండ్రటి అడుగు ఫ్లాస్కులు. గొట్టం చివర మంటలో కరిగించి ఊదితే గాజు తనంతట తానే గుండ్రంగా ఉబ్బుతుంది. నాకు నిద్రలో కూడా వచ్చే పని అదొక్కటే. కొంగ గ్లాసుకు మూడు రోజులు పట్టింది ఆ గుండ్రాన్ని కొట్టి, నొక్కి, నేల మీద నిలబడేలా చదును చేయడానికే. చదును చేసినచోటే గాజు పగులుతుంది. అడగాల్సినవాళ్లను అడగకుండా అడుగు వేసి, అక్కర్లేని అడుగు కోసం చచ్చాను.

చదును చేయకపోతే? గ్లాసు నిండుగా ఉన్నంతసేపూ కింద పెట్టలేరు. రెండు చేతుల్లో ఉండాలి, ఎదుటి మనిషిని చూడాలి. తాగాక బోర్లించాలి. బోర్లిస్తే కొండ. ఆరుగురు తాగితే ఆరు కొండలు. తాగినకొద్దీ బల్ల మీద మిన్ గారి ఊరు లేస్తుంది!

ఆ ఆనందంలో రెండు గెంతులు వేశాను. మొదటి గెంతు బాగానే ఉంది. రెండోది కోళ్ల గంప మీద పడింది. గంప పల్టీ కొట్టింది, కోళ్లు గూడెం నలుమూలలా పరిగెత్తాయి. సోమమ్మ చీపురు ఎత్తి కొడుకును కేకేసింది.

"ముత్తయ్యా! జల్ది రా! సీసాలాయనకు నిన్నటి కల్లు ఇప్పుడెక్కింది!"

ముత్తయ్య, నేను కలిసి అరగంట కోళ్లు పట్టాం. అతను ఆరు పట్టాడు, నన్ను ఒకటి పొడిచింది. తర్వాత దారం అడిగి తీసుకుని కుండల చుట్టుకొలతలు, మూతి కొలతలు రాసుకుంటుంటే సోమమ్మ పక్కన నిలబడి చూసింది.

"గిన్ని కొలతలు తీస్తున్నవ్. నా కుండకేమన్న సంబంధం చూస్తున్నవా?"

"చూస్తున్నవ్వా. పిల్లగాడు కొరియా."

"దూరం సంబంధం. ఆలోచించి చెప్త."

వెళ్లేటప్పుడు కల్లుకు డబ్బులు తీసుకోలేదు. కోళ్లకు మాత్రం క్షమాపణ చెప్పించుకుంది. మెడలేని కొంగ గ్లాసు అక్కడే వదిలేశాను. ఇప్పుడు సోమమ్మ అందులో బీడీకట్ట, అగ్గిపెట్టె పెట్టుకుంటోందట. ఆ గ్లాసుకు చేయదగిన పని అదొక్కటేనని నాకూ అనిపిస్తుంది.

మంట ముందు, మిన్ గారి ముందు

ఖమ్మం చేరాక నాలుగు రోజులు షాపు దాటలేదు. దోసిలికి సరిపోయే గిన్నెలాంటి గ్లాసు. ఒక్క చేతికి అందనంత వెడల్పు కావాలనే పెట్టాను. మూతి మందంగా, బోర్లిస్తే కదలకుండా. బొమ్మలు లేవు, కొంగలు అసలే లేవు. మూతి నుంచి అడుగు వైపుకు మూడు పొరల నీలం మాత్రం, చివరిది ఉందో లేదో తెలియని నీలం. ఆ రంగు నిలవక ఐదు పగిలాయి. ఆరు మిగిలాయి.

పదో రోజున హైదరాబాదులో మిన్ గారి బల్ల మీద ఆరు గ్లాసుల పెట్టె మూత తీశాను. ఆవిడ ఒకటి తీసుకుని నా వైపు చాచింది. కూజాలో వాళ్లు తాగే బార్లీ నీళ్లున్నాయి, పోశాను. నేనొకటి పట్టుకున్నాను, ఆవిడ తన గ్లాసు మేనేజరుకు పట్టించి పోసింది. తనది తీసుకుని మేనేజరుకూ ఒకటి పట్టించింది. ఒక గుక్క తాగి ఆవిడ గ్లాసును బల్ల మీద పెట్టబోయింది. అది ఒరిగింది. పట్టుకుంది. మళ్లీ పెట్టబోయింది. మళ్లీ ఒరిగింది.

నా గుండె ఒకటో తారీఖు మీద కొట్టుకుంటోంది.

ఆవిడ నన్ను చూసింది. నేను రెండు చేతుల్లో గ్లాసు పట్టుకుని, ముక్కు దురద పెడుతున్నా గోక్కోలేక, బొమ్మలా నిలబడి ఉన్నాను. పక్కన మేనేజరుదీ అదే స్థితి. ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతూనే తాగేసి, అడిగినట్టు చూసింది. నేను నాదీ తాగేసి, గాల్లోనే బోర్లించి చూపించాను. బోర్లించింది.

నవ్వు ఆగింది. నీలం మూడు పొరలూ తలకిందులై సరైన వరసలోకి వచ్చాయి. మిగతా ఐదూ తనే బోర్లించింది. నేను వాటిని వరసగా జరపబోతే నా చెయ్యి పక్కకు తోసి, ఒకటి ముందుకు, రెండు వెనక్కి, ఒకటి కాస్త దూరంగా పెట్టుకుంది. కొండలు బడిపిల్లల్లా వరసలో నిలబడవని చెప్పింది.

"కస్టమర్లు మీద పోసుకుంటరు మేడం," అన్నాడు మేనేజరు నీరసంగా.

పోసుకుంటే మాట్లాడుకుంటారు అందట ఆవిడ. రెండు రోజుల్లో ఫోను చేస్తానంది.

మజ్జిగ మర్యాద

మూడోరోజు పొద్దున తొమ్మిదింటికి ఫోను వచ్చింది. ముందు నలభై గ్లాసులు, ఆ తర్వాత చూద్దామని. సుగుణకు చెప్పాను. కళ్లు తుడుచుకుని, ఆ వెంటనే గ్యాస్ మంట దగ్గర జాగ్రత్తగా కూర్చోమని తిట్టింది. సత్యానికి చెప్పలేదు. అతను అడగలేదు కదా.

పదకొండింటికి సత్యం స్కూటరు ఆపి, వెనక కూర్చోబెట్టుకొచ్చిన, చెక్కపని చేసే వడ్లాయనతో లోపలికి వచ్చాడు. కౌంటరు ఎక్కడ పడుతుందో కొలుచుకోవాలట. అప్పుడే సుగుణ ఇంటి నుంచి మజ్జిగ తెచ్చింది.

"ఎండల పడి వచ్చినవ్ సత్యం. ముందు మజ్జిగ తాగు. రెండు చేతుల్తోటి పట్టు," అన్నాను.

హైదరాబాదు నుంచి వచ్చాక ఊదిన కొత్త గ్లాసులో అంచుదాకా పోశాను. ఒక గుక్క తాగి కింద పెడదామని చూశాడు.

"ఏంది బావా, దీనికి అడుగేది?"

"లేదు."

"మరెట్ల పెట్టాలె?"

"తాగి బోర్లియ్యాలె."

గటగటా తాగాడు. బోర్లించేలోపు మళ్లీ నింపాను. "ఎవరి గ్లాసు ఖాళీగ ఉండొద్దు. కొరియా మర్యాద." మర్యాదకు లొంగి రెండోది తాగాడు. మూడోది నింపాను.

"చాలు బావా!"

"చాలనుకుంటే బోర్లియ్యి."

"బోర్లియ్యనిస్తున్నవా నువ్వు!"

వడ్లాయన టేపు పట్టుకుని గోడ పక్కన ఓపిగ్గా నిలబడ్డాడు. "సారూ, కొలతలు చెప్తే రాసుకుంట."

"చేతులు ఖాళీ లేవయ్యా! కనవడ్తలేదా?"

గుమ్మం పక్కన మోరీ వైపు చూశాడు సత్యం. ఆ చూపు సుగుణ పట్టేసింది. "పారబోసినవంటే చూడు. పొద్దుగాల లేచి చిలికిన."

"అక్కా, కడుపుల జాగ లేదే."

"అయితే ఇంటికి తీస్కపో," అన్నాను. "చెల్లెకు చూపెట్టు. గ్లాసు మంచిగుందో లేదో అడుగు."

ఇల్లు రెండు వీధుల అవతల. రెండు చేతుల్లో నిండు గ్లాసుతో స్కూటరు నడపడం ఎవరివల్లా కాదు. నడక మొదలుపెట్టాడు, భద్రాచలం తలంబ్రాలు మోసుకెళ్తున్నంత భక్తిగా. వడ్లాయన ముందు నడుస్తూ "జరుగుండ్రి, జరుగుండ్రి" అని దారి చేస్తున్నాడు. బస్టాపులో ఒక పెద్దావిడ ఏ గుడి ప్రసాదమో అనుకుని లేచి దండం పెట్టింది.

సరిగ్గా రోడ్డుకు అవతలి వైపు చేరేదాకా ఆగాను. అప్పుడు షాపు గుమ్మంలో నిలబడి, ముప్పై ఏళ్లు ఊదిన ఊపిరంతా కూడగట్టి కేకేశాను.

"సత్యం! ఆర్డరొచ్చిందిరోయ్!"

ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. సగం మజ్జిగ చొక్కా మీద పడింది. మిగతా సగాన్ని రెండు చేతులతో, ఎంతో మర్యాదగా, ఇంటిదాకా మోసుకెళ్లాడు.